మండల తుపాను ప్రణాళిక: ఏ జనరేటర్ ఏ ట్యాంకుకి, ఎన్ని గంటలకి?

మండల_దస్త్రం
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఒక మండలానికి విపత్తు ప్రణాళిక తిరగరాస్తున్నాం. పాత దస్త్రం బాగా లావుగానే ఉంది గానీ అందులో సగం ఫోన్ నంబర్లు, మిగతా సగం "తగు చర్యలు తీసుకొనబడును". 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఆ నంబర్లలో కొన్ని పక్క జిల్లావి అయిపోయాయి. అక్టోబరు లోపు పనికొచ్చేదొకటి చేతిలో ఉండాలి. ఏది ముందు రాయాలి? ముఖ్యంగా కరెంటు పోయాక మొదటి ఐదు రోజుల సంగతి చెప్పండి.

పాతపంచాయతీ
చట్టం గురించి మొదటి పేజీలో ఒక్క లైను చాలు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో జిల్లా ప్రణాళికకి 31వ సెక్షన్, స్థానిక సంస్థల పనులకి 41వ సెక్షన్. అంతకు మించి రాస్తే ఎవరూ చదవరు.

రెండో పేజీలో గంటల పట్టిక పెట్టండి. అందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికలు 72, 48, 24, 12 గంటల దశల్లో వస్తాయి కదా అని మన పనుల్ని కూడా ఆ నాలుగు గడుల్లో సర్దేస్తారు. టిట్లీ తుపాను సంగతి చూడండి. 2018 అక్టోబరు 8న వాయుగుండం, 9న తుపాను, 10కల్లా అతి తీవ్ర తుపాను, 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మొత్తం మూడు రోజులు కూడా లేవు. అందులో రాత్రులు తీసేస్తే మిగిలిన పగలు ఎంత? అక్టోబరులో మనకి సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది.

అందుకని సున్నా గంట అంటే తుపాను తీరం దాటే గంట కాదు. మీ ఊళ్లో గాలి వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటే సమయాన్ని సున్నాగా పెట్టుకోండి. ఆ తర్వాత జేసీబీ పనిచెయ్యదు, బోటు లాగలేరు, మంచం మీద ముసలాయన్ని ఆటో ఎక్కించలేరు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి, ప్రతి పనికీ ఎన్ని పగటి గంటలు కావాలో రాయండి.

మండల_దస్త్రం
ఇది మా పట్టికలో లేదండి. అన్నీ తీరం దాటే సమయం నుంచే వెనక్కి లెక్కేశారు.

లైన్‌క్లియర్
మంచినీళ్లకి జనరేటర్ల గురించి చెప్తాను. "జనరేటర్లు అందుబాటులో ఉంచాలి" అనే లైను కొట్టేసి, ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకుకీ ఒక వరస రాయండి: మోటారు ఎన్ని హెచ్‌పీ, స్టార్టరు రకం, బోరు గంటకి ఎన్ని లీటర్లు ఇస్తుంది, ట్యాంకు ఎన్ని లీటర్లు, జనరేటర్ బండి పంపు షెడ్డుకి ఎంత దూరంలో ఆగుతుంది.

5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అంటే 3.7 కిలోవాట్లు. అలాగని 5 కేవీఏ జనరేటర్ పంపితే స్టార్ట్ చెయ్యగానే కూర్చుంటుంది. డైరెక్ట్ స్టార్టరుతో మొదటి క్షణంలో కరెంటు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి 15 కేవీఏ వేసుకోండి. బోరు గంటకి పది వేల లీటర్లు ఇస్తే 40 వేల లీటర్ల ట్యాంకు నాలుగు గంటల్లో నిండుతుంది. ప్రయాణం, కేబుల్ తగిలించడం కలుపుకుంటే ఒక జనరేటర్ రోజుకి రెండు ట్యాంకులే. మూడు అని రాస్తే అది కాగితం మీద మాటే.

జనరేటర్ వచ్చాక కూడా నీళ్లు ఎందుకు రావో రాసుకోండి. షెడ్డులో ఛేంజోవర్ స్విచ్ (లైను కరెంటు, జనరేటర్ కరెంటు రెండిట్లో ఒక్కటే మోటారుకి తగిలేలా మార్చేది) ఉండదు. కేబుల్ పది మీటర్లు తక్కువవుతుంది. ఫేజులు తిరగబడి మోటారు వెనక్కి తిరుగుతుంది, శబ్దం బాగానే ఉంటుంది గానీ నీళ్లు సన్నగా వస్తాయి. అప్పుడు మూడింటిలో ఏ రెండు వైర్లయినా మార్చి బిగిస్తే సరిపోతుంది. ఛేంజోవర్ లేకుండా నేరుగా బోర్డుకి తగిలించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వెనక్కి లైనెక్కుతుంది. అవతల ఎక్కడో స్తంభం మీదున్న లైన్‌మ్యాన్ చచ్చిపోతాడు. నాలుగు పోళ్ల ఛేంజోవర్‌ని సెప్టెంబరులోనే ప్రతి షెడ్డులో బిగించేయండి. తాగునీటి పద్దులో పెట్టుకోవచ్చు.

జనరేటర్లు ఎక్కడ దొరుకుతాయంటారా, షామియానా వాళ్ల దగ్గర, కల్యాణ మండపాల్లో, రొయ్యల చెరువుల దగ్గర. ముందే ఒప్పందం రాసుకోండి. తుపాను రోజున రొయ్యల రైతుకి తన ఏరియేటర్లే (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రాలు) ముఖ్యం, ఇవ్వడు. ఆయన్ని లెక్కలో వెయ్యకండి.

మండల_దస్త్రం
మరి డీజిల్? మా లెక్క ఇది: 15 జనరేటర్లు, రోజుకి 12 గంటలు, గంటకి 3 లీటర్లు. రోజుకి 540, ఐదు రోజులకి 2,700 లీటర్లు. మండల ఆఫీసు వెనక షెడ్డులో 200 లీటర్ల డ్రమ్ములు 14 పెట్టేద్దాం అనుకుంటున్నాం.

ఎం_బుక్
ఒక్క చోట పెట్టకండి. పెట్రోలియం చట్టం కింద డీజిల్ 2,500 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి. ఆ లోపైతే, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు మించకపోతే అక్కర్లేదు. ఏడేసి డ్రమ్ములు రెండు చోట్ల, మధ్యలో గెడ్డ (వాగు) ఏదైనా ఉంటే అటొకటి ఇటొకటి. రోడ్డు తెగితే అదే కాపాడుతుంది.

బంకులో డీజిల్ ఉన్నా కరెంటు లేకపోతే పంపు తిరగదు. జనరేటర్ ఉన్న బంకు ఏదో కనుక్కుని పేరు రాసుకోండి. ఏటీఎంలు, స్వైపింగ్ మిషన్లు కూడా పనిచెయ్యవు కాబట్టి బంకు యజమానికి అప్పు ఉత్తరం ముందే ఇచ్చి రసీదు తీసుకోండి.

జేసీబీలకి గంట రేటు సీజనుకి ముందే ఖరారు చెయ్యండి. అత్యవసరంలో టెండరు లేకుండా కొనడానికి విపత్తు నిర్వహణ చట్టం 50వ సెక్షన్ వీలిస్తుంది, కానీ లాగ్‌బుక్ అడగరని కాదు. మొదలెట్టినప్పుడూ ఆపినప్పుడూ మిషన్ మీద గంటల మీటర్ రీడింగు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరి సంతకం. ఇది లేక బిల్లులు ఏళ్ల తరబడి ఆగిపోతాయి. మళ్లీ తుపాను వచ్చినప్పుడు ఆ జేసీబీ యజమాని ఫోనెత్తడు.

తెప్పకొయ్య
కరెంటూ డీజిలూ సరే బావూ, తెప్పలు ఎలగ లాగుతారో ఒక్కరూ రాయనేదు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం, ఊరూరా జెట్టీ ఏటీ నేదు, బోటుని ఇసక మీదకే ఎక్కించాల. ముందు ఇంజిను ఇప్పాల, ఆ తరవాత వలలు, ఆఖర్న బోటు. ట్రాక్టరుకి ఒక్కో బోటుకి ఇరవై నిమిషాలు ఏసుకోండి. అరవై బోట్లుంటే ఇరవై గంటలు. రెండు ట్రాక్టర్లు పెట్టినా పది గంటలు, అంటే ఒక పగలంతా అయిపోద్ది. సరుగుడు తోట దాటించి పెట్టాల, ఒడ్డున నాలుగు గజాలు పైకి జరిపి ఒగ్గీడం కాదు. అడుగున ఇసక బస్తాలు ఏసి, రెండేపులా పాతిన కొయ్యలకి కట్టాల. చెట్లకి కట్టీసినారంటే చెట్టు బోటు మీదే పడిపోద్ది.

ఇంకోటి. రిజిస్ట్రేషన్ నంబరు కనపడేలాగ బోటుకీ ఇంజినుకీ ఫొటో తియ్యాల, సచివాలయంలో మత్స్య సహాయకుడి దగ్గర ఉండాల. తుపానెల్లిపోయాక ఇరిగిపోయిన చెక్క చూపించి ఇది నాదే అంటే ఎవులు నమ్ముతారు?

పాతపంచాయతీ
పై పోస్టు మొత్తం యథాతథంగా ప్రణాళికలో పెట్టుకోండి. ఇరవై నిమిషాల లెక్క ఒక్కటి మాత్రం మీ ఊరి ఇసక మీద ఒకసారి గడియారం పెట్టి చూసి సరిదిద్దుకోండి.

గెడ్డదరి
తీరం సంగతే అందరూ మాట్లాడతారు. టిట్లీలో గాలి తగ్గాక వంశధార లేచింది, ఎందుకంటే వాన పడింది పైన, ఒడిశా కొండల్లో. సహాయక బృందాలన్నీ ఉద్దానంలో ఉండగా వరద వెనక నుంచి వచ్చింది. తీరం దాటాక 24 నుంచి 48 గంటల గడిని నదికి కేటాయించండి. ఆ గడిలో పడవలు, ఇసక బస్తాలు గాలి ప్రాంతానికి పంపొద్దని రాయండి.

విడిపోయిన జిల్లాల చిక్కు నాగావళి మీద ఎక్కువ. తోటపల్లి బ్యారేజీ ఇప్పుడు పార్వతీపురం మన్యంలో, సువర్ణముఖి మీద మడ్డువలస విజయనగరంలో, ఆ నీళ్లన్నీ చేరేది శ్రీకాకుళం పట్టణం పక్కకి. మూడు కలెక్టరేట్లు. తోటపల్లిలో గేట్లెత్తిన కబురు ఎవరు ఎవరికి చెప్పాలి, ఫోన్లు పనిచెయ్యకపోతే ఏ పోలీసు వైర్‌లెస్ స్టేషన్ ద్వారా చెప్పాలి, అదొక్కటీ ఒక పేజీలో ఉండాలి.

క్యూసెక్కులు ఊరివాళ్లకి అర్థం కావు. వంశధార మీద గొట్టా బ్యారేజీ దగ్గర ఇంత వదిలితే మా కాజ్‌వే మునుగుతుంది, ఇంత వదిలితే ఎస్సీ కాలనీలోకి నీళ్లొస్తాయి అని పాత వరదల రికార్డుతో జత చేసి, బడి గోడ మీద రంగుతో గీత గియ్యండి. గీత పక్కనే ఆ అంకె.

ఇంకో మాట. నది నిండుగా ఉంటే గెడ్డ నీళ్లు అందులో కలవవు, వెనక్కి తన్నుతాయి. సముద్రం పోటు మీదుంటే కళింగపట్నం దగ్గర వంశధార కూడా నెమ్మదిస్తుంది. కరకట్టలో ఉన్న మదుం (తూము) తలుపు సకాలంలో దించకపోతే కట్ట తెగకుండానే ఊరు మునుగుతుంది. దించి మర్చిపోతే లోపలి వాన నీళ్లు బయటికి పోక మునుగుతుంది. తిప్పే హ్యాండిల్ ఎవరింట్లో ఉందో, మరకు గ్రీజు ఎప్పుడు పెట్టారో జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చూడాలి.

మండల_దస్త్రం
ఇసక బస్తాలు ఎన్ని నిల్వ పెట్టాలండి? పాత దస్త్రంలో "తగినన్ని" అని ఉంది.

గెడ్డదరి
అరవై సెంటీమీటర్ల ఎత్తు లేపాలంటే అడుగున 1.8 మీటర్లు, పైన 30 సెంటీమీటర్లు వెడల్పు రావాలి. వంద మీటర్ల పొడవుకి సుమారు 63 ఘనపు మీటర్లు. బస్తాని మూడింట రెండు వంతులే నింపి కట్టాలి, నిండా నింపితే గుండ్రాయిలా ఉండి మధ్యలో సందులు వస్తాయి. అలా కట్టిన బస్తా 0.02 ఘనపు మీటరు వస్తుంది. అంటే వంద మీటర్లకి మూడు వేల పైచిలుకు. ఒక్కో వరస అతుకు కింది వరస అతుకు మీద పడకూడదు, గోడ కట్టినట్టే. కట్టకి అవతలి వైపు నేలలోంచి బుడగలతో నీళ్లు ఉబుకుతూ ఇసక కూడా వస్తుంటే దాన్ని మూసెయ్యకండి. చుట్టూ బస్తాలతో బావి గట్టులా కట్టి లోపల నీటిమట్టం లేవనివ్వండి. మూస్తే పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది.

విజయనగరం వైపు మెట్ట చెరువుల్లో తెగేవి ఎక్కువగా అలుగు దగ్గర చేపలు పోకుండా కట్టిన వలలు, తడికల వల్లే. చెత్త వచ్చి అడ్డుకుంటుంది, నీళ్లు గట్టు మీద నుంచి పొర్లుతాయి. పైచెరువు తెగితే కిందవి వరసగా పోతాయి. చేపల లీజు కాగితంలోనే "హెచ్చరిక రాగానే తడిక తియ్యాలి" అని షరతు పెట్టండి.

బ్లీచింగ్_సంచి
నీళ్ల శుద్ధికి: మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి మంచి బ్లీచింగ్ రెండున్నర గ్రాములు. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. వరద నీరు చేరిన బావికి ఈ లెక్క చాలదు. ముందు తోడి పొయ్యాలి, తర్వాత రెట్టింపు వెయ్యాలి, అరగంట ఆగి క్లోరోస్కోపులో (నీళ్లలో క్లోరిన్ కొలిచే పరికరం) పసుపు రంగు చూడాలి. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ రాకపోతే మళ్లీ వెయ్యాలి.

అసలు తప్పు గ్రాముల్లో కాదు, సంచిలో. పోయిన ఏడాది సంచి తెరిచి మూతి చుట్టి పెట్టినది ఈ అక్టోబరుకి సుద్దపొడితో సమానం. పంచాయతీల్లో ఉన్న నిల్వ మీద తేదీ రాసి, తెరిచినవి మురుగు కాలవలకి వాడేసి, తాగునీటికి కొత్తవి పెట్టుకోండి.

సూదిమందు
బ్లీచింగ్ గారి మాటకి ఒక అడ్డు. ఉద్దానంలో కిడ్నీ జబ్బువాళ్లకి డయాలసిస్ ఉందని మర్చిపోకండి. అందరికీ ట్యాంకర్ నీళ్లు ఒకటే అనుకుంటే ప్రాణం పోతుంది.

ఒక్కో డయాలసిస్‌కి నాలుగు గంటల్లో 120 లీటర్ల శుద్ధమైన ద్రవం కావాలి. ఆర్వోలో పోయేది కలుపుకుంటే మామూలు నీళ్లు 250 నుంచి 300 లీటర్లు. పది మిషన్లు, మూడు షిఫ్టులు అంటే రోజుకి తొమ్మిది వేల లీటర్ల దాకా, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. తుపాను తర్వాత ట్యాంకర్లలో క్లోరిన్ ఎక్కువ వేస్తారు కదా, ఆ క్లోరిన్ కార్బన్ ఫిల్టర్ దాటి రోగి రక్తానికి చేరితే ఎర్రకణాలు పగిలిపోతాయి. కార్బన్ తర్వాత మొత్తం క్లోరిన్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు. కాబట్టి ఆ రెండు ట్యాంకర్ల మీద రంగుతో "డయాలసిస్" అని రాసి, ఎంత క్లోరిన్ వేశారో కాగితం డ్రైవర్ చేతికి ఇవ్వండి. సెంటర్ వాళ్లు ప్రతి షిఫ్టుకీ ముందు పరీక్షించాలి.

గంటల పట్టికలో: సున్నాకి ముందు పగలు, ఎవరికి డయాలసిస్ ఎప్పుడున్నా సరే, వీలైనంతమందికి ముందుకి జరిపి చేసెయ్యాలి. వారానికి రెండు మూడుసార్లు చేయించుకునే మనిషికి మూడు రోజులు రోడ్డు మూసుకుపోతే పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. పునరావాస కేంద్రంలో వాళ్లకి కొబ్బరినీళ్లు, అరటిపళ్లు ఇవ్వకూడదు. ఉద్దానంలో చెట్లు పడ్డాక చవగ్గా, దయతో అందరూ పంచేవి ఆ రెండే. ఏఎన్ఎం జాబితాలో వీళ్ల పేర్ల పక్కన గుర్తు ఉండాలి.

గర్భిణుల జాబితా మీ దగ్గర ఉండే ఉంటుంది. రెండు వారాల్లో పురుడు ఉన్నవాళ్లని ముందే ఆసుపత్రికి చేర్చండి, అంతే.

బ్లీచింగ్_సంచి
ఈ సంగతి నా లెక్కలో లేదు. ట్యాంకర్ నింపే చోటే రెండు వరసలు పెట్టమని మావాళ్లకి చెప్తాను.

మండల_దస్త్రం
పునరావాస కేంద్రాల మీద ఒక సందేహం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్లు. మా తుపాను షెల్టర్ హాలు 200 చదరపు మీటర్లు. ఆ లెక్కన 57 మందే. పాత దస్త్రంలో మాత్రం 400 అని రాశారు.

పాతపంచాయతీ
రెండూ రాయండి. 3.5 అనేది రోజుల తరబడి ఉండే శిబిరానికి. ఒక్క రాత్రికి ఇరుక్కుని కూర్చోక తప్పదు. కానీ మర్నాటికి ఎవరిల్లు నిలిచిందో తెలుస్తుంది, ఇల్లు పోయినవాళ్లు అక్కడే ఉండిపోతారు. వాళ్లని రెండో రోజు ఏ బడికి పంచుతారో ఇప్పుడే రాయండి. మరుగుదొడ్డి 30 మందికి ఒకటి, మనిషికి తాగడానికి రోజుకి మూడు లీటర్లు. షెల్టర్ తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, ఇద్దరూ ఒకే ఇంట్లో వాళ్లు కాకూడదు. పశువులకి చోటు చెప్పకపోతే చాలామంది ఇల్లు కదలరు, అదీ గుర్తుంచుకోండి.

లైన్‌క్లియర్
చెట్ల గురించి ఎవరూ అనలేదు. ఉద్దానంలో రోడ్లు మూసేది కొబ్బరి మానులే. కోత మిషన్ ఒక్కటి ఉంటే సరిపోదు. కొబ్బరి పీచు, అందులో చిక్కుకున్న ఇసక గొలుసుని తొందరగా మొద్దు చేస్తాయి. మిషన్‌కి కనీసం మూడు గొలుసులు, ఆకురాయి, గొలుసు నూనె. పెట్రోలులో టూటీ ఆయిల్ మంచి రకమైతే లీటరుకి 20 మిల్లీలీటర్లు, మామూలుదైతే 40. ఆయిల్ కలపకుండా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, మళ్లీ ఆ మిషన్ ఆ వారంలో పనికిరాదు.

చెట్టు కింద తీగ ఉంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (లైన్లో కరెంటు ఆపేశామనే అనుమతి) తీసుకున్నాకే కొయ్యాలి. "ఊరంతా కరెంటు లేదు కదా" అన్నది సమాధానం కాదు, ఎవరింట్లోనో జనరేటర్ ఉండొచ్చు. వంగి బిగుసుకుని ఉన్న మానుని ముందు లోపలి వంపు వైపు కొద్దిగా కోసి, తర్వాత బయటి వైపు కొయ్యాలి. ఒకేసారి బయటి వైపు కోస్తే చీలి ఎగిరి తన్నుతుంది.

బయటి జిల్లాల నుంచి స్తంభాలు వేసే బృందాలు వస్తాయి. ఒక్కో బృందానికి దారి తెలిసిన ఒక ఎనర్జీ అసిస్టెంట్, రెండు పూటల భోజనం, పడక. ఇది లేకపోతే సగం రోజు దారులు వెతకడానికే పోతుంది. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి, 8 మీటర్లదైతే 1.35 మీటర్ల గొయ్యి. ఇసక నేలలో మట్టి పూడిస్తే నిలవదు, రాళ్లు వేసి కూరాలి. ముందు ఆసుపత్రి, నీటి పథకాల లైన్లు, ఇళ్లు ఆ తర్వాత. ఈ వరస గ్రామసభలో ముందే చదివి వినిపించండి. తర్వాత చెప్తే గొడవే.

ఎం_బుక్
ఇక నష్టాల జాబితా. డబ్బు గొడవంతా ఇక్కడే. 2022–26కి కేంద్రం ప్రకటించిన రేట్లలో మైదానంలో పూర్తిగా పోయిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకి 8,000. మట్టిగోడల ఇంటిని జాబితా రాసేవాడు "పాక" అని రాస్తే లక్షా పన్నెండు వేలు పోయినట్టే. మన వైపు మాటల్లో గడ్డి కప్పిందంతా పాకే. మట్టిగోడ ఉందా, తలుపు చట్రం ఉందా, ఇంటి పన్ను నంబరు ఉందా అని మూడు గడులు పెట్టి, ఆ తర్వాతే పేరు రాయమనండి.

పంట 33 శాతం దాటి పోతేనే లెక్క. అవే రేట్లలో హెక్టారుకి వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉంటే 17,000, కొబ్బరి జీడి లాంటి తోటలకి 22,500, రెండు హెక్టార్ల వరకు. రాష్ట్రం దాని మీద ఎంత కలుపుతుందో ఆనాటి జీవో చూడాలి. కౌలు రైతుకి సాగు హక్కు కార్డు, ఈ-పంట నమోదు ఉంటే పేరు ఎక్కుతుంది, లేకపోతే డబ్బు ఊళ్లో లేని యజమాని ఖాతాకి పోతుంది. ఆగస్టులోనే నమోదు పూర్తయిందో లేదో వ్యవసాయ సహాయకుడిని అడగండి. జాబితాని సచివాలయం గోడకి అంటించి అభ్యంతరాలకి గడువు ఇవ్వండి. గోడకెక్కని జాబితా కోర్టుకెక్కుతుంది.

పడిన కొబ్బరి మానుల్ని ఫొటో తీసిన వెంటనే తోటలోంచి తీయించండి. కుళ్లిన మానులో కొమ్ముపురుగు గుడ్లు పెట్టి, నిలిచిన చెట్ల మొవ్వులు తినేస్తుంది. పరిహారం వచ్చేదాకా మానులు కదపకూడదని ఒక పుకారు ప్రతిసారీ లేస్తుంది. "ఫొటో అయ్యాక తియ్యొచ్చు" అని మండలం పేరుతో లిఖితంగా ఇవ్వండి.

మండల_దస్త్రం
ఇప్పటిదాకా చెప్పినవాటితో ఒక వరస రాశాను, చూడండి. "ట్యాంకు 7: 40 వేల లీటర్లు, 5 హెచ్‌పీ, డైరెక్ట్ స్టార్టరు. జనరేటర్ 15 కేవీఏ, షామియానా వాళ్లది. తీరం దాటిన మర్నాడు ఉదయం 7కి చేరాలి, 12కి ట్యాంకు 8కి వెళ్లాలి. డీజిల్ 15 లీటర్లు తూర్పు షెడ్డు నుంచి. ఛేంజోవర్ ఉంది. ఆపరేటరు పేరు, అతను రాకపోతే రెండో పేరు."

లైన్‌క్లియర్
బాగుంది. కేబుల్ ఎన్ని మీటర్లో లేదు.

మండల_దస్త్రం
రేపు టేపు పట్టుకెళ్లి కొలుస్తాం.

తెప్పకొయ్య
7కి చేరాలంటే దారిలో చెట్లు ఎవులు తీస్తారు బావూ? కోత మిషన్ ఆ రోడ్డుకి 5కే బయల్దేరాల.